అత్త కొంగు కింద

పుట్టిన కొత్తల నా బిడ్డకు జెరం తగ్గకపోతే, గుట్ట మీది అమ్మకు బోనం ఎత్తుతనని మా అత్త మొక్కుకున్నది. బిడ్డకు నాలుగేండ్లు వచ్చినంక ఆ మొక్కు తీర్చుదామని బయలెల్లినం. తెలంగాణ వచ్చినంక ఆ గుట్టకు సగం దాక మెట్లు కట్టిండ్రు. ఆ పైన అంతా బండనే. బండకు పెద్ద పెద్ద తేనెపట్లుంటయి. బిడ్డను తీస్కపోవద్దని నేను ఇంట్ల కొట్లాడిన.

"అమ్మ సూసుకుంటది, నువ్వు ఫికర్ చెయ్యకు" అన్నది అత్త.

దేవరకొండల బస్సు దిగి ఆటోల గుట్ట కాడికి పోయినం. ఎక్కేటప్పుడు అత్త బోనం నెత్తిన పెట్టుకోని "అమ్మా తల్లీ" అని పిలిస్తె, ఎనక గుట్టెక్కుతున్న ఆడోళ్లందరు "మమ్ము గావు తల్లీ" అని పలికిండ్రు. నా బిడ్డ అందరికన్న గట్టిగ పలికింది.

మెట్లు అయిపోయి బండ ఎక్కుతున్నం. మాకన్న ముందు పోయినోళ్లు బండ కింద పొయ్యి ముట్టిచ్చిండ్రు. పొగ పైకి లేచింది. జర సేపట్లనే పట్ల మీది తేనెటీగలు గుమ్మున లేచినయి. ఎనక జనం అరుసుకుంట కిందికి ఉరికిండ్రు.

అత్త బోనం కింద పెట్టి, నా చేతులకెల్లి బిడ్డను గుంజుకోని కూసున్నది. బిడ్డ మీదికి వంగి కొంగు నిండ కప్పింది.

"కదలకు. కొంగు కప్పుకోని గిట్లనే కూసో" అన్నది నాతోని.

లోపల బిడ్డ ఏడుపు మొదలువెట్టింది. అత్త దాని చెవుల మెల్లగ "అమ్మా తల్లీ" అన్నది. ఏడుసుకుంటనే బిడ్డ "మమ్ము గావు తల్లీ" అన్నది. మల్ల అత్త, మల్ల బిడ్డ. అత్త మెడ మీద ఈగలు నల్లగ వాలుతున్నయి. కొట్టుకుంటె ఇంకిన్ని వస్తయని చెయ్యి లేపలె. అమ్మను పిలుసుడు మాత్రం ఆపలె.

పొగ చల్లారినంక ఈగలు మళ్లినయి. కొందరు పోరగాండ్లు దుప్పట్లు కప్పుకోనొచ్చి మమ్ముల దించిండ్రు. బోనం ఆడనే ఉండిపోయింది.

దవాఖానల అత్తకు సూదులిచ్చి, పొద్దుగూకేదాక ఉంచుకున్నరు. అత్త మొకం ఉబ్బి కండ్లు మూసుకపోయినయి. బిడ్డను దగ్గరికి రమ్మని, దాని చేతులు, మెడ, చెవులు తడిమి చూసింది.

"యాడన్న కుట్టిందా?"

"కుట్టలే అత్తా" అన్న నేను.

అప్పుడు అత్త ఏడ్చింది. చెంబుల నీళ్లు తెచ్చి, నా పైట తడిపి, మెల్లగ ఆమె మొకం తుడిసిన.