పద్దెనిమిది గేర్ల పాత సైకిలు

మా చిన్నప్పుడు... ఎనిమిదో తరగతికి పక్క ఊరి హైస్కూలుకి వెళ్ళాలంటే కాలవగట్టు మీద ఐదు కిలోమీటర్లు. బస్సు మా ఊరికి పదింటికి వచ్చేది. బడి గంట తొమ్మిదిన్నరకే కొట్టేసేవారు. సైకిలుంటే చదువు, లేకపోతే ఇల్లు... అంతే. మా వీధిలో నాకన్నా పెద్దపిల్లలు ఇద్దరు అలాగే ఏడుతో ఆగిపోయారు.

నాన్న చేపల చెరువు మీద మేత వేసే పనికి వెళ్ళేవాడు. సైకిలు కోసం దాచింది రెండు వేలు. కొత్తది రాదు. భీమవరంలో ఇంజనీరింగ్ అయిపోయిన కుర్రాడొకడు హాస్టల్ ఖాళీ చేస్తూ తన సైకిలు అమ్ముతున్నాడని, చెరువుకి ఐసు తెచ్చే ఆటో ఆయన చెప్పాడు. ఆదివారం పొద్దున్నే నాన్నా నేనూ వెళ్ళాం.

నాన్న సైకిలు చుట్టూ ఒకసారి తిరిగి చూశాడు. లావుపాటి టైర్లు, హ్యాండిల్ నుంచి ఎటో పోయే తీగలు, వెనక చక్రానికి ఒకదాని పక్కన ఒకటి పళ్ళచక్రాలు... క్యారియర్ లేదు, స్టాండు లేదు, మడ్‌గార్డులు లేవు. బెల్లు కూడా లేదు.

"ఇన్ని తీగలెందుకండీ బాబూ?" అన్నాడు నాన్న.

"గేర్లండి బాబాయ్ గారూ. పద్దెనిమిది. కొండలెక్కడానికండి."

నాన్న చుట్టూ చూశాడు. భీమవరంలో కొండలెక్కడివి? "మరి మీరెందుకు కొన్నారండి?"

ఆ కుర్రాడు తల గోక్కున్నాడు. "అప్పుడు బాగుందనిపించిందండి..."

రెండున్నర వేలు చెప్పాడు. "రెండు వేలేనండి ఉన్నాయి" అన్నాడు నాన్న మొహమాటంగా. "సరేనండి, తీసుకెళ్ళండి" అనేశాడు కుర్రాడు వెంటనే. అక్కడ మొదలైంది అయోమయం. బేరమాడకుండా ఇచ్చేస్తున్నాడంటే సైకిల్లో లోపమున్నట్టా... లేక అబ్బాయి మంచివాడా?

"నువ్వు చెప్పమ్మా, తీసుకుందామా?" అని నన్నడిగాడు.

అప్పటిదాకా ఇంట్లో నన్నెవరూ ఏదీ అడిగింది లేదు. నాకేం తెలుసు... ఎర్ర రంగు బాగుంది. తలూపేశాను.

క్యారియర్ లేదు కాబట్టి ఇద్దరం ఎక్కడానికి లేదు. నేను కొంతదూరం తొక్కి ఆగడం, నాన్న నడిచి వచ్చి కలుసుకోవడం... అలా బయల్దేరాం. దారిలో ఆ సైకిలు చూసి పలకరించనివాళ్ళు లేరు.

వీరవాసరంలో టీ కొట్టు దగ్గర ఒకాయన ఆపాడు. "ఎంతకు కొన్నారండీ? రెండు వేలా! కొట్టేశారండి బాబూ, కొత్తది ఎంతుంటదో తెలుసా?" నాన్న మొహం వెలిగిపోయింది. నాకో బన్ను కూడా కొనిపెట్టాడు.

అరకిలోమీటరు పోయాక, గడ్డిమోపు దించుకుంటున్న ఇంకొకాయన. "అయ్యయ్యో... ఈ గేర్లు పాడైతే సామాను దొరకదండి. ఇనప సామాన్లవాడికి వేసుకోవాల్సిందే." నాన్న మొహం మాడిపోయింది. మళ్ళీ ఎవరో బాగుందన్నారు... మళ్ళీ ఎవరో పెదవి విరిచారు. ఇల్లు చేరేసరికి సంతోషించాలో ఏడవాలో మా ఇద్దరికీ తెలీలేదు.

మామ్మ అరుగు మీంచే చూసింది. "ఒరే, సగం సైకిలే ఇచ్చాడేంట్రా? మిగతా సగం ఎప్పుడిస్తాడంట?"

సోమవారం బడికెళ్తుంటే చైను రెండుసార్లు ఊడింది. హ్యాండిల్ దగ్గర మీట ఎటు నొక్కినా కటకటమని చప్పుడు. ఒకసారి రాయి కట్టినంత బరువు, ఇంకోసారి కాళ్ళు ఊరికే గిరగిరా... ఏది నొక్కితే ఏమవుతుందో అంతుపట్టలేదు. బడికి ఆలస్యం. చేతినిండా గ్రీజు.

సాయంత్రం నాన్న మా ఊరి సైకిల్ షాపు సత్యం గారికి చూపించాడు. ఆయనకీ గేర్ల సైకిలు కొత్తే. "ఈ పళ్ళచక్రాలన్నీ పీకేసి ఒక్కటి పెట్టేస్తానండి, మామూలు సైకిలైపోద్ది. ఆదివారం తీసుకురండి" అన్నాడు. నాన్న సరేనన్నాడు. నాకేమో వద్దనాలని ఉంది... ఎందుకు వద్దో చెప్పడం రాలేదు.

గురువారం నా గ్రీజు చేతులు చూసి సైన్సు మాస్టారు సంగతి అడిగారు. సైకిలుని బడి ఆవరణలో తలకిందులుగా నిలబెట్టించారు. క్లాసంతా చుట్టూ చేరాం. పెడల్ చేత్తో తిప్పుతూ చూపించారు. "ముందు చిన్నచక్రం, వెనక పెద్దచక్రం... చైను ఇలా ఉంటే తొక్కడం తేలిక, వేగం తక్కువ. అటు మారితే బరువు, వేగం ఎక్కువ. పెడల్ తిరుగుతున్నప్పుడే మార్చాలమ్మా, ఆగినప్పుడు కాదు."

"మనకి కొండల్లేవు కదండీ?" అన్నారెవరో.

"సాయంత్రం కాలవగట్టు మీద ఎదురుగాలి లేదేంట్రా?"

ఆ సాయంత్రం గాలి బాగా కొట్టింది. తోటివాళ్ళు దిగి సైకిళ్ళు నడిపించుకుంటున్నారు. నేను తొక్కుతూనే మీట నొక్కాను. కటక్... ఒక్కసారిగా కాళ్ళు తేలికైపోయాయి. మెల్లగానే, కానీ దిగకుండా ఇంటిదాకా వచ్చాను.

పెరట్లో సైకిలు తిరగేసి నాన్నకి అంతా చెప్పాను. నాన్న పెడల్ తానే తిప్పాడు, చాలాసేపు. చైను ఒక చక్రం మీంచి ఇంకోదాని మీదకి దూకుతుంటే చూస్తూ కూర్చున్నాడు. ఆదివారం సత్యం గారి దగ్గరికి వెళ్ళలేదు.

"అయితే మనం మోసపోలేదన్నమాట" అన్నాడు.

"ఏమో నాన్నా... తెలీదు" అన్నాను. మర్నాడు మళ్ళీ చైను ఊడింది మరి. కానీ పదో తరగతి ఆ సైకిలు మీదే పూర్తి చేశాను.

మొన్న రాజమండ్రిలో మా అమ్మాయికి గేర్ల సైకిలు ఫోన్లోనే కొన్నాం. ముక్కూమొహం తెలియని వందమంది అభిప్రాయాలు చదివి, ఇంకా అయోమయపడి, చివరికి ఏదో ఒకటి నొక్కేశాం. అట్టపెట్టెలో వచ్చింది. అపార్ట్‌మెంట్ లిఫ్టులో పైకి తీసుకెళ్తుంటే ముగ్గురు ఎక్కారు, ముగ్గురు దిగారు... "ఎంతకు కొన్నారండీ?" అని ఒక్కరూ అడగలేదు.

మీ మొదటి సైకిలు చూసి మీ ఊరివాళ్ళు ఏమన్నారండీ? చెప్పండి... వినాలనుంది.