చల్లని పూట చల్లిన బూజు

నేను పుట్టింది హిందూపురం పక్క పల్లెలో, పట్టుపురుగులు సాకే ఇంట్లో. పురుగులకు మల్బరీ ఆకు పడనిదే మా అమ్మ మాకు సంగటి పెట్టేది కాదు. చిన్నప్పుడు నాకది అన్యాయంగా తోచేది గానీ, పురుగుల మీద మా బతుకంతా ఆధారపడి ఉందని తరువాత తెలిసొచ్చింది.

ఆ పురుగులకు వచ్చే రోగాల్లో అమ్మ పేరెత్తడానికే భయపడేది ఒకటుంది. సున్నపుకట్టు. ముందురోజు బాగానే ఆకు తిన్న పురుగు తెల్లారేసరికి పుల్లలా బిగుసుకుపోతుంది. ఆపైన ఒళ్లంతా సున్నం పూసినట్టు తెల్లని బూజు కమ్ముకుంటుంది. ఒక్క తట్టలో కనిపించిందంటే షెడ్డంతా పాకుతుంది. నాకు బాగా గుర్తున్న ఒక పంట మొత్తం అట్లా పోయింది. తెల్లబడిన పురుగుల్ని అమ్మే గుంత తీసి పూడ్చింది.

పెండ్లయి పెనుకొండ దగ్గరి ఊరికి వచ్చినాక నా బతుకు శెనక్కాయ చేనికి మారింది. ఇక్కడ పురుగంటే పగవాడే. పైరుకు కాయ కట్టే ఊడలు నేలలోకి దిగే వేళకు లద్దెపురుగు వస్తుంది. పగలు మట్టి పగుళ్లలో దాక్కుంటుంది, పొద్దుగూకాక బయటికొచ్చి ఆకును జల్లెడ చేస్తుంది. మా మామ దానికి విషం మందు కొట్టేవాడు. అట్లా కొడుతూ ఒకసారి చేనులోనే కళ్లు తిరిగి పడిపోయినాడు. ఆస్పత్రి నుంచి ఇంటికి తెచ్చిన రోజే నేను మా ఆయనతో చెప్పేసినా, ఆ డబ్బా మళ్లీ మన చేనికి రాకూడదని.

మరుసటి పంటకు పురుగు రానే వచ్చింది. ధర్మవరంలో విషం లేని మందులమ్మే అంగడి ఉందని విని నేనే బస్సెక్కి పోయినా. అంగడాయన ఒక పొడి పొట్లం చేతిలో పెట్టి, "ఇది బూజమ్మా. నీళ్లలో కలిపి కొట్టండి. పురుగు మీద మొలిచి చంపుతుంది. పురుగంతా తెల్లగా అయిపోతుంది" అన్నాడు.

చటుక్కున పొట్లం కింద పెట్టేసినా.

"తెల్లగానా? సున్నం పూసినట్టా?"

"అదే. మీకు పట్టుపురుగులు ఉన్నాయా? ఉంటే మాత్రం దీని జోలికి పోవద్దు."

మా పుట్టింటిని ఏడిపించిన రోగాన్ని పొట్లాల్లో కట్టి అమ్ముతున్నారు! కానీ లద్దెపురుగూ పట్టుపురుగులాంటిదే కదా, దాన్ని చంపిన బూజు దీన్ని చంపకుండా ఉంటుందా అని ధైర్యం చేసి, కావలసినన్ని పొట్లాలు కొన్నా.

తిరుగు బస్సు కిక్కిరిసి ఉంది. డ్రైవరు పక్కన ఇంజను బానెట్టు మీద సంచి పెట్టి నిలబడినా. ఇంటికొచ్చి దాన్ని రేకుల కొట్టంలో అటక మీద పెట్టినా. వాన మొహం చాటేసిన రోజులవి, మధ్యాహ్నానికి ఆ రేకుల కింద నిలబడలేం. రెండుమూడు రోజులకు మా ఆయనకు తీరిక దొరికి, మిట్టమధ్యాహ్నం ఎండలో చేనంతా కొట్టినాడు.

వారం దాటింది. ఒక్క పురుగూ చావలేదు. పైపెచ్చు బలిసినాయి.

"ఏమ్మా, మందు కొట్టినారా, మేత పెట్టినారా?" అన్నాడు మామ. చేనుగట్టున నిలబడిన నలుగురూ నవ్వినారు. ఆ సాయంత్రమే ఆయన మూల దాచిన విషం డబ్బా బయటికి తీసినాడు.

నాకు ఏడుపొచ్చింది. అమ్మకు ఫోన్ చేసినా. విషయం చెప్పగానే గయ్యిమంది.

"ఆ పొడి ముట్టిన చేత్తో నా గడప తొక్కొద్దు. మీ తట్టు ఎండలేమో గానీ, ఈడ మబ్బు పట్టి చల్లగా ఉండాది. ఎప్పుడు సున్నపుకట్టు వస్తాదోనని బెదురుకుంటా షెడ్డులో కుంపటి రాజేస్తాండా."

కుంపటి! ఆ మాటతో నా బుర్రలో ఏదో గిర్రున తిరిగింది. చిన్నప్పటి నుంచీ చూసిందే. చలికాలంలో, ముసురు రోజుల్లో ఆ రోగం వస్తుంది. అది రాకుండా అమ్మ షెడ్డును వెచ్చగా, పొడిగా ఉంచుతుంది. మండువేసవిలో సున్నపుకట్టు వచ్చిందని మా ఊర్లో ఎవరూ అనగా వినలేదు. అంటే ఆ బూజుకు వేడి గిట్టదు. మరి నేనేం చేసినా? ఇంజను మీద పెట్టి కాచినా, రేకుల కింద వేయించినా, చివరికి ఎండలో ఆకు మీద మాడ్చినా.

"మామా, ఈ ఒక్కసారి ఆగు" అన్నా. "డబ్బా మూత తీయొద్దు. నేనొకటి చూపిస్తా."

"ఎన్నాళ్లు ఆగేది? ఆకంతా పోతాంటే?"

"నువ్వు మళ్లీ పడిపోతే మేమేం కావాలి?"

ఆయన డబ్బాను మళ్లీ మూలకు నెట్టినాడు.

తెల్లారి మొదటి బస్సుకే ధర్మవరం పోయినా. కొత్త పొట్లాలు తెచ్చి తడి గోనెలో చుట్టి ఒళ్లో పెట్టుకున్నా. ఇంటికొచ్చి, రెండు కుండల్లో శెనక్కాయ ఆకు వేసి, చేనులో ఏరిన లద్దెపురుగుల్ని వదిలినా. ఒకే పొట్లంలోని పొడిని నీళ్లలో కలిపి రెండింటిలోనూ చల్లినా. ఒక కుండను నీళ్ల తొట్టి పక్కన నీడలో తడి ఇసుక మీద, రెండోదాన్ని రేకుల కొట్టంలో పెట్టినా. మిగిలిన పొట్లాలను తొట్టి పక్కనే నీడలో దాచినా. పట్టుపురుగులకు వేసినట్టే వేళకు ఆకు వేసినా.

కొన్నాళ్లకు నీడ కుండలో పురుగులు తిండి మానేసినాయి. తరువాత కదలడం మానేసినాయి. ఒక పొద్దున మూత తీస్తే పురుగులన్నీ తెల్లగా, సున్నపు ముక్కల్లా ఉన్నాయి. రేకుల కింద కుండలో ఒకటీ అరా చచ్చినాయి, మిగతావి కరకరా నములుతున్నాయి.

రెండు కుండలూ తీసుకుపోయి మామ ముందర పెట్టినా. ఆయన ఒక తెల్లపురుగును పుల్లతో కదిలించి చూసినాడు. ఆపైన రెండో కుండలోకి తొంగి చూసినాడు. "అయితే మబ్బు కోసం చూద్దాం" అన్నాడు.

మబ్బు వచ్చింది. పెనుకొండ కొండ మీద నల్లగా కమ్ముకుని ఒక మంచి వాన కురిసింది. నేల తడిసింది, గాలి చల్లబడింది. మరుసటి సాయంత్రం పొద్దు వాలినాక, పురుగులు పగుళ్ల నుంచి పైకి వచ్చే వేళకు నేనూ మా ఆయనా స్ప్రేయర్లు భుజాన వేసుకుని దిగినాం. మామ తొట్టి దగ్గర నిలబడి నీళ్లు అందించినాడు. ఆ తరువాత కూడా ముసురు పట్టి, ఎండ మొహం చూపలేదు. అందరూ ఎండ కోసం ఎదురుచూస్తుంటే నేనొక్కదాన్నే ముసురు పోవద్దని మొక్కుకున్నా.

ఒక పొద్దున చేనులో నుంచి మామ కేక వినబడింది. ఏ పామో అనుకుని పరుగెత్తినా. ఆయన సాలు మధ్యలో గొంతుక్కూర్చుని ఉన్నాడు.

"చూడమ్మా, చూడు! ఆకాకుకీ ఒకటి!"

ఆకులకు కరుచుకుని, కొమ్మలకు వేలాడుతూ, మట్టి మీద వెల్లకిలా, ఎక్కడ చూసినా తెల్లబడిన పురుగులే. చిన్నప్పుడు ఆ తెలుపును చూస్తే నాకు ఏడుపొచ్చేది. ఆ పొద్దున మాత్రం నవ్వు ఆగలేదు. మా ఆయన నన్ను చూసి నవ్వినాడు, మామ ఇద్దర్నీ చూసి నవ్వినాడు. మేం నవ్వేది చూసి పక్క చేనులో కలుపు తీసేవాళ్లు పని ఆపి వచ్చినారు.

వచ్చిన ప్రతివాడికీ మామే చెప్పినాడు. "ఎండలో కొట్టొద్దబ్బా! ఇది సల్లని పూట మందు. తెచ్చేటప్పుడు ఎండ సోకనీయొద్దు. మల్బరీ తోట దగ్గరుంటే అసలు ముట్టొద్దు, ఆ ఇంటోళ్ల ఉసురు తగుల్తాది." నా మాటలన్నీ తన మాటల్లా చెప్పేస్తున్నాడు. నాకు ముద్దొచ్చిందే గానీ కోపం రాలేదు.

చేను కొత్త ఆకు తొడిగింది. ఊడలు నేలలోకి దిగినాయి. పీకేనాడు చెట్టు ఎత్తితే కాయలు గుత్తులుగా వేలాడినాయి.

తరువాతి పంటకు లద్దెపురుగు మళ్లీ వచ్చింది. ఒక మబ్బు సాయంత్రం గట్టెక్కి చూస్తే మా చేను ఒక్కటే కాదు, వాగు దాకా చేనుకొక స్ప్రేయరు నడుస్తోంది. ఆ చివర నుంచి ఒకామె చెయ్యెత్తి అరిచింది.

"ఏమక్కా, మందు కొట్టేదానికి ఈ సలువ సాల్నా?"

"బో సాలు! కొట్టు!" అని అరిచి నా స్ప్రేయరు భుజానికెత్తుకున్నా.