రైనో కోస్కెలా మిషను వేగం

రైనో కోస్కెలాకి తెలియని విషయం లేదు. ఆ సంగతి మాకు ఆయనే చెప్పాడు. మా కారు ఎందుకు మొరాయిస్తోందో, మా పైకప్పు మంచు బరువుకి ఎప్పుడు కూలబోతోందో అడగకుండానే వచ్చి చెప్పే ఉదారుడు. స్కూలు బస్సు నడిపి రిటైరయ్యాడు. ఆ బస్సులో పెరిగిన సగం ఊరికి ఆయన గొంతు ఇప్పటికీ కలలోకి వస్తుంది. ఎదురింట్లో ఉండే నాకు కలల దాకా అవసరం లేదు, కిటికీ తెరిస్తే చాలు.

రాగి గనులు మూతపడ్డాక మా ఊళ్ళో మిగిలింది మంచొక్కటే. పెద్ద సరస్సు మీంచి మబ్బు లేచిందంటే పొద్దున్నకి మెట్లు కనపడవు. కాబట్టి ఇక్కడ మగవాడి గొప్పతనం చదువు బట్టీ కాదు, గుణం బట్టీ కాదు; వాకిట్లో మంచు ఎంత తొందరగా తీశాడన్నదాన్ని బట్టి ఉంటుంది. ఆ లెక్కన రైనో మా వీధికి చక్రవర్తి. మంచు చిమ్మే ఎర్ర మిషను ముందు, చెవుల టోపీ పెట్టుకుని ఆయన వెనక. గేరు ఆరులో వేసి దాదాపు పరిగెత్తేవాడు. తన వాకిలి అయ్యాక రోడ్డు మీద నిలబడి, ఇంకా తంటాలు పడుతున్న మమ్మల్ని జాలిగా చూసేవాడు.

కిందటి వేసవిలో ఆయన గుండెకి ఆపరేషనైంది. పరుగులొద్దు, ఆయాసపడే పనులొద్దు అంది డాక్టరమ్మ. ఆ మాటల్ని రైనో తన సొంత భాషలోకి మార్చుకున్నాడు.

"ఆవిడ పరిగెత్తొద్దంది," అంటూ గుర్తుచేసింది భార్య ఐలి, మొదటి మంచు పడే ముందు.

"నేనెక్కడ పరిగెడతానే? పరిగెట్టేది మిషను. నేను ఊరికే దాని వెనకాల ఉంటాను."

ఇంత తర్కం ముందు ఏ ఆడది నిలుస్తుంది? ఐలి ఇంకేం మాట్లాడలేదు. ఆవిడ మాట్లాడకపోవడం చూసి గెలిచాననుకోవడం రైనోకి పెళ్ళైన నాటినుంచీ అలవాటు.

మొదటి మంచు పడింది. రైనో మిషను స్టార్టు చేసి, గేరు ఆరులో వేసి, పిడులు నొక్కాడు. మిషను కదిలింది. అంటే, కదిలిందని ఆయన చెప్పాడు కాబట్టి మేం నమ్మాం.

"ఏంటయ్యా రైనో, ఊరేగింపా? బాజాలేవీ?" అని అరిచాను నా వాకిట్లోంచి.

"నోర్ముయ్ ఎడ్విన్! బెల్టు జారుతోంది."

బెల్టు జారలేదు. పెట్రోలు మార్చాడు, అదీ కాదు. ఈ కాలపు రబ్బరుని, ఆ రబ్బరు అమ్మేవాళ్ళని, వాళ్ళకి ఓటేసినవాళ్ళని తిట్టాడు. అయినా వేగం పెరగలేదు. చివరికి షెడ్డులో మిషనుని మూతి మీద నిలబెట్టి అడుగు రేకు విప్పాడు. చూడ్డానికి నన్ను పిలిచాడు. పిలవడమంటే పాఠం వినడానికన్నమాట.

"ఇదిగో, ఇంజనుతో తిరిగే ఇనప పళ్ళెం. దీన్ని ఒరుసుకుంటూ తిరిగేది ఈ రబ్బరు చక్రం. చక్రం పళ్ళెం నడిమికొస్తే నెమ్మది, అంచుకి జరిగితే జోరు. జరిపేదేమో గేరు నుంచి వచ్చే ఈ కడ్డీ. కొసన మర ఉంది చూశావా? అది తిప్పితే కడ్డీ పొడుగు మారుతుంది, దాంతో వేగం మారుతుంది. మర వదులైపోయింది, అంతే. నీకు అర్థం కాదులే."

అర్థమైంది. అయినా కానట్టు మొహం పెట్టాను, లేకపోతే మళ్ళీ మొదలెడతాడు. పానాతో నట్టు వదులు చేసి, మర తిప్పి, బిగించాడు. మర్నాడు మిషను పూర్వంలాగే ఉరికింది.

ఆ తర్వాతి మంచుకి మళ్ళీ పాకింది.

మళ్ళీ తిప్పాడు. మళ్ళీ పాకింది. మరకి జిగురు పూశాడు. ఇంకో నట్టు బిగించాడు. చర్చిలో ప్రార్థన అయ్యాక కాఫీ, ఏలకుల రొట్టె ముందు పెట్టుకుని, అదురుకి ఇనుము దానంతటదే ఎలా తిరిగిపోతుందో అందరికీ వివరించాడు. యంత్రశాస్త్రంలో ఇది కొత్త సంగతి. పక్కన కూచున్న ఐలి వినయంగా తలూపుతూ, "అవునట, చలికి కూడా తిరుగుతుందట," అని ఇంకో ముక్క జోడించింది.

ఇంతలో చెల్లెలికి కాలు బెణికితే ఐలి సాయానికని వెళ్ళింది. అదే వారం పెద్ద మంచు పడింది. రైనో ఈసారి మహా తెలివిగా ఆలోచించాడు: ఎలాగూ వదులైపోతుంది కదా, ఆ వదులుకి కూడా కలిపి ముందే తిప్పేస్తే? అలాగే తిప్పాడు. వదులవుతుందేమోనని మళ్ళీ ఇంకాస్త తిప్పాడు.

మర వదులవలేదు. పిడులు నొక్కగానే మిషను పిచ్చిపట్టిన దున్నలా దూకింది. సొంత వాకిలి వదిలేసి, రోడ్డు అడ్డంగా దాటి, నా ఉత్తరాల డబ్బాని కూల్చి, నా వాకిట్లో మంచుగుట్టలోకి దూసుకుపోయింది. వెనకాల రైనో, కాళ్ళు నేలకి ఆనీ ఆనక. చేతులు వదిలేస్తే ఆ మిషను ఆగిపోతుంది, దాన్ని చేసినవాళ్ళు అంత జాగ్రత్త పడ్డారు. కానీ చేతులు వదలడం రైనో జాతకంలో లేదు.

పరిగెత్తుకెళ్ళి లేవదీశాను. మొహం సున్నంలా పాలిపోయింది. గుండె మీద చెయ్యి వేసుకుని, ఊపిరి అందక మంచులోనే కూచుండిపోయాడు. అప్పుడే చెల్లెలి ఇంటినుంచి తిరిగొచ్చిన ఐలి కారు తలుపైనా వెయ్యకుండా పరిగెత్తుకొచ్చింది.

"ఎంత తిప్పావు? అంతా తిప్పేశావా?" అంటూ ఆయన భుజాలు పట్టి కుదిపింది. "నేను ఇంట్లో లేనుగా, ఎవరు వెనక్కి తిప్పుతారనుకున్నావు?"

ఐలి నోరు జారింది.

"నువ్వా?" అన్నాడు రైనో.

"నేనే. నువ్వు ఆవిరిస్నానానికి వెళ్ళినప్పుడల్లా నేనే."

"నా మిషనుని నువ్వు ముట్టుకున్నావా?"

"ముట్టుకున్నాను. నువ్వేగా షెడ్డులో గొంతెత్తి ఎడ్విన్‌కి పాఠం చెప్పావు. అంతకు ముందు ఏది తిప్పాలో తెలీక ఎన్ని తిప్పలు పడ్డానో!" అంది. తర్వాత ఆవిడ గొంతు మారింది. "ఆస్పత్రిలో నీ బూట్లు సంచిలో పెట్టి నా చేతికిచ్చారు రైనో. లోపల నువ్వున్నావో లేవో ఎవరూ చెప్పలేదు. ఆ సంచి ఒళ్ళో పెట్టుకుని కూచున్నాను. అలా ఇంకోసారి నేను కూచోలేను, నా వల్ల కాదు."

రైనో తన బూట్లకేసి చూసుకున్నాడు. ఆయన్ని వేడిగా ఉన్న మా వంటింట్లో కూచోబెట్టాం. ఊపిరి కుదుటపడింది. డాక్టరమ్మ దగ్గరికి తీసుకెళితే గుండె బాగానే ఉందని చెప్పి, మిగతాది చాలా సేపు చెప్పిందట.

తర్వాత కొన్నాళ్ళు రైనో ఐలితో మాట్లాడలేదు. ఆవిడ ఆ ప్రశాంతతని కులాసాగా అనుభవించింది. ఒక ఆదివారం మధ్యాహ్నం మాత్రం ఇద్దరూ మిషనుని రోడ్డు మీదకి తెచ్చారు. ఒప్పందం ఇది: ఐలి పక్కన నడుస్తుంది, ఆరో గేరులో మిషను ఆవిడ అడుగుని దాటకూడదు. నన్ను సాక్షిగా నిలబెట్టారు.

ఐలి బజారుకి వెళ్ళేటప్పుడు ఆవిడ నడక నేను చాలాసార్లు చూశాను, నాకు అందదు. ఆ రోజు మాత్రం చేతిలో కాఫీ కప్పు పట్టుకుని, కొత్త పెళ్ళికూతురిలా అడుగులో అడుగేసింది. మిషను ముందుకెళ్ళింది. ఆగి, మర కొంచెం తిప్పారు. మళ్ళీ ముందుకెళ్ళింది. మళ్ళీ తిప్పారు. ఆవిడేమో ఆగి పక్కింటి పిల్లిని పలకరించింది.

"నువ్వెప్పుడూ ఇలాగే నడుస్తావా?" అన్నాడు రైనో.

"వయసైపోయిందయ్యా. ఏం చేస్తాం," అంది ఐలి.

రైనో నావైపు చూశాడు. నేను ఆకాశంకేసి చూశాను. ఆయన ఇంకో చుట్టు వెనక్కి తిప్పి, నట్టు గట్టిగా బిగించి, పానా తీసి ఐలి కోటు జేబులో పడేశాడు.