కిటికీ అవతల నుంచి బిగించిన ఫ్యాను

మొన్న బుధవారం మా రాజమండ్రి ఫ్లాట్‌లో వంటింటికి ఫ్యాను బిగించడానికి ఒకతను వచ్చాడు. ఫోన్‌లో బొమ్మ నొక్కితే వచ్చే రకం. కంపెనీ చొక్కా, వీపున సంచీ, చేతిలో డ్రిల్లింగ్ మిషను. నేను అతని పేరు అడగలేదు, ఊరు అడగలేదు. చెప్పులు గుమ్మం బయట విడిచి సరాసరి వంటింట్లోకి నడిచాడు. పప్పు డబ్బాలు పక్కకి జరిపి, స్టూలు వేసుకుని పైకెక్కాడు. అరగంటలో ఫ్యాను తిరిగింది. కారుతున్న కుళాయికి వాషరు మార్చి, ఊగుతున్న అల్మారా తలుపుకి స్క్రూలు బిగించి, నా సింకులోనే చేతులు కడుక్కుని వెళ్లిపోయాడు. కొత్త గాలి కింద నిలబడి నేను సంతోషించాలి. నాకు మాత్రం ఒళ్లు మండిపోయింది. అతని మీద కాదు. ఇంత తేలికైన పనిని ఒకప్పుడు తణుకులో మా ఇంటిల్లిపాదీ కలిసి ఎంత నీచంగా చేశామో గుర్తొచ్చి.

ఇరవై ఏళ్లు దాటిన మాట. ఆ ఇంట్లో కరెంటు పనికి ఒక మేస్త్రి వచ్చేవారు. కరెంటు పని అనడమే గాని, మోటారు దగ్గర్నుంచి తలుపు గడియ దాకా ఏది పాడైనా ఆయనకే కబురు. చెరకు ఆడే రోజుల్లో ఊరంతా బెల్లప్పాకం మాడిన వాసన కొడుతుంటే, ఆ వాసనలోంచి భుజాన నిచ్చెనతో సైకిలు తొక్కుకుంటూ వచ్చేవారు. చొక్కా జేబులో పెన్ను ఉండాల్సిన చోట టెస్టరు ఉండేది. ఫ్యాను బిగించాక ఆయనకో అలవాటు. స్విచ్చి వేసి, సరిగ్గా దాని కింద గచ్చు మీద వెల్లకిలా పడుకుని ఐదు నిమిషాలు కన్నార్పకుండా చూసేవారు. ఇదేం పరీక్ష అని నేను నవ్వితే, "రేపట్నుంచి దీని కింద పడుకునేది మీరండి. ముందు నేను పడుకోవద్దేంటండి?" అన్నారు. ఆదివారం పిలిస్తే మాత్రం వచ్చేవారు కాదు, చర్చికి వెళ్లాలి. మా ఇంట్లో అందరూ ఆయన్ని 'వాడు' అనేవారు. నేను చదువుకున్నదాన్ని కనుక 'అతను' అనేదాన్ని. ఈ 'ఆయన' అనడం నాకు ఈమధ్య వచ్చిన మర్యాద.

మా అత్తగారికి మడి ప్రాణం. మేస్త్రి హాల్లోకి రావచ్చు, పడకగదుల్లోకి రావచ్చు. వంటింటి గడప, దేవుడి గది గడప దాటకూడదు. ఈ సంగతి ఆయనకి ఎవరూ చెప్పలేదు. ఆయనకీ తెలుసు, మాకూ తెలుసు. ఆ రెండు గదుల్లో బల్బు పోతే మా మరిది స్టూలెక్కి మార్చేవాడు. నేనేమో హైస్కూల్లో సోషల్ టీచర్ని. అంటరానితనం నేరమని పిల్లల చేత నోట్సు రాయించి, తప్పులు దిద్ది, సంతకం పెట్టి ఇంటికొచ్చేదాన్ని. చెప్పేవి శ్రీరంగనీతులు, సామెతలో రెండో సగం మీకు తెలిసిందే. ఆ ఏడు రోహిణి కార్తెలో, తొమ్మిదిమందికి వండుతూ రెండుసార్లు కళ్లు తిరిగి పడ్డాను. అప్పటికి మావారికి జాలి కలిగి వంటింటికి ఒక ఫ్యాను కొన్నారు.

ఫ్యాను బిగించడం బల్బు మార్చినంత పని కాదు. మేస్త్రిని ఒక్క పూట లోపలికి రానిద్దామా అని మావారు నసిగితే, అత్తగారు అన్నం మానేస్తానన్నారు. చివరికి ఉపాయం మా మరిదే చెప్పాడు. మేస్త్రి పెరట్లో వంటింటి కిటికీ దగ్గర నిలబడి చెప్తుంటే, లోపల తను బిగిస్తాడట. ఇంజినీరింగు చదివాడు కదా. అది సివిలు అని అప్పుడెవరికీ తట్టలేదు. స్టూలు కదలకుండా నేను పట్టుకున్నాను. ఊచల అవతల నుంచి మేస్త్రి ఒక్కొక్కటే చెప్పారు: రాడ్డు ఎలా ఎత్తాలో, బోల్టు ఎటునుంచి దూర్చాలో, నట్టు ఎంత బిగించాలో. ఆ నట్టు వదులై ఊడిపోకుండా బోల్టు చివర దూర్చి కొసలు వంచే చిన్న పిన్ను ఒకటుంటుంది. అది పెట్టారా అని మూడుసార్లు అడిగారు. కిటికీలోంచి ఆయనకి మా మరిది నడుం దాకానే కనిపిస్తోంది. పెట్టానన్నాడు మరిది విసుగ్గా. మేస్త్రి, లోపల గడప దగ్గర కాపలాగా నిలబడ్డ అత్తగారికేసి చూసి మెల్లిగా అన్నారు:

"ఒక్క నిమిషం లోపలికొచ్చి చూసి పోతానండి, పెద్దమ్మగారూ. తర్వాత కడిగించుకోండి."

ఆ మాటకి నాకు తల కొట్టేసినట్టయింది. అత్తగారికి కాలేదు. అక్కర్లేదు, మావాడు చూసుకుంటాడు అన్నారు. నేను స్టూలు పట్టుకునే ఉన్నాను. ఫ్యాను తిరిగింది. నా మెడ మీద చెమట ఆరింది. నిజం చెప్పొద్దూ, హాయిగానే ఉంది.

నలభై రోజులు తిరిగింది. ఒక ఉదయం నేను కత్తిపీట ముందు కూర్చుని వంకాయలు తరుగుతుంటే రాడ్డుతో సహా ఊడి పడింది. తల తప్పింది గాని ఎడమ భుజం ఎముక విరిగింది. పరామర్శకి వచ్చినవాళ్లందరికీ అత్తగారు ఒకటే చెప్పారు, మేస్త్రి బిగించిన ఫ్యాను అని. మరిదికి అప్పుడే సంబంధాలు చూస్తున్నారు. వదిన మీద ఫ్యాను పడేసిన ఇంజినీరని పేరొస్తే ఎలా? మావారు అవునన్నట్టు తలూపారు. మరిది నేల చూపులు చూశాడు. నేను మంచం మీద పడుకుని, తేలు కుట్టిన దొంగలా నోరు మెదపలేదు. తిలాపాపం తలా పిడికెడు. చేతిపని మనిషికి పేరే కూడు. ఆ కూడు మేం లాగేసుకున్నాం. నెల తిరిగేసరికి మా వీధిలో ఆయన్ని పిలిచేవాళ్లు లేరు. ఎదురింటివాళ్లు మోటారు చెడిపోతే వేరే పేట నుంచి మనిషిని తెచ్చుకున్నారు.

భుజం కట్టు విప్పిన రోజు, ఫ్యాను వచ్చిన అట్టపెట్టె అడుగున నాకు ఆ పిన్ను దొరికింది. చిన్న ప్లాస్టిక్ కవర్లో, కవరు కూడా చింపకుండా. నా హ్యాండ్‌బ్యాగులో వేసుకున్నాను. ఎందుకు వేసుకున్నానో అప్పుడు తెలియదు. ఆ వారంలోనే ఒక సాయంత్రం స్కూలు గేటు దగ్గర మేస్త్రి నిలబడి ఉన్నారు. మా ఇంటికి రాకుండా అక్కడికి ఎందుకొచ్చారో నాకు అర్థమైంది. ముందు నా భుజం ఎలా ఉందని అడిగారు. తర్వాత, తల వంచుకుని, సైకిలు బెల్లు తడుముతూ అసలు సంగతి చెప్పారు.

"మీరు అక్కడే ఉన్నారు కదా టీచరుగారూ. నేను లోపలికి రాలేదని ఒక్క మాట చెప్పండి చాలు. మీ మరిదిగారి పేరెత్తక్కర్లేదండి."

ఆ పిన్ను నా బ్యాగులోనే ఉంది. చెయ్యి పెట్టి తీస్తే సరిపోయేది. నేనేమన్నానో తెలుసా? "అత్తయ్యగారితో మాట్లాడి చెప్తాను" అన్నాను. సరేనండి అని దణ్ణం పెట్టి వెళ్లారు. నేను మాట్లాడలేదు. ఆయన మళ్లీ అడగలేదు. దసరా వెళ్లాక, పెళ్లాం పిల్లల్ని తీసుకుని పోలవరం వైపు ఏదో కూలిపనికి వెళ్లిపోయాడని పాలు పోసే ఆవిడ చెప్పింది. అత్తగారు విని, ఇంకో మేస్త్రిని చూసుకోవాలి అన్నారు.

అత్తగారు పోయారు, మావారూ పోయారు. మరిది బెంగళూరులో అపార్ట్‌మెంట్లు కడుతున్నాడు, గట్టిగానే కడుతున్నాడట. నా వంటింట్లోకి ఎవరు రావాలో చెప్పే మనిషి ఇప్పుడు లేదు. మేస్త్రి లోపలికి రాలేదని, మేమే రానివ్వలేదని, తణుకు నడివీధిలో నిలబడి అరవమన్నా అరుస్తాను. ఆ వీధిలో ఇప్పుడు ఆయన్ని ఎరిగినవాళ్లు ఎవరూ లేరు. వయసుతో పాటు ధైర్యం వస్తుందంటారు. వచ్చింది, నిజమే. దాంతో పనిపడ్డ మనిషి వెళ్లిపోయిన ఇరవై ఏళ్లకి వచ్చింది.