రేపల్లె తర్వాతి స్టేషన్లు

మా మేనత్త రేపల్లెలో ఆడపిల్లల బడిలో టీచరు. మేము తెనాలిలో ఉండేవాళ్ళం. అరవైల నాటి మాట. శనివారం సాయంత్రం బండికి వచ్చి, ఆదివారం పొద్దున చర్చి ఆవరణలో మాకు సండే స్కూలు చెప్పి, సాయంత్రం మళ్ళీ బండెక్కి వెళ్ళిపోయేది. రేపల్లెతో ఆ పట్టాలు అయిపోతాయని ఊళ్ళో అందరికీ తెలుసు. పెద్దవాళ్ళకే అలా అయిపోతాయని అత్తయ్య చెప్పేది. పిల్లలు దిగకుండా కూర్చుంటే బండి ఇంకా వెనకటి కాలంలోకి పోతుందట. ముందు దానియేలు ఉన్న సింహాల గుహ వస్తుంది. తర్వాత యెరికో గోడలు, ఎర్రసముద్రం. అన్నిటికన్నా చివర నోవహు ఓడ.

కథలో వారానికొకరిని ఆ బండి ఎక్కించేది. "ఏం పట్టుకెళ్తావే?" అని ముందే అడిగేది. చుట్టాలింటికి ఉత్త చేతులతో పోకూడదు కదా. ఒకడు దానియేలుకి మాగాయ పట్టుకెళ్ళాడు. నేను ఎర్రసముద్రం దాటేవాళ్ళకి సున్నుండలు తీసుకెళ్ళాను. దారిలో సగం నేనే తినేశానని అత్తయ్య అందరి ముందూ నా పరువు తీసింది. నాకు ఒళ్ళు మండింది. అంత దూరం పంపి, అక్కడ కూడా నన్ను తిండిపోతుని చేసింది.

తమ్ముడికి ఆరేళ్ళు. వాడికి ఓడ తప్ప ఇంకేదీ అక్కర్లేదు. మా మేకపిల్లని పట్టుకెళ్తానన్నాడు.

"ఓడలో మేకలుంటాయిరా" అన్నాను.

"మనది ఉండదుగా" అన్నాడు.

వచ్చే ఆదివారం నువ్వేనని అత్తయ్య మాటిచ్చింది.

ఆ వారంలోనే వాడికి జ్వరం పట్టుకుంది. ఎన్ని మందులు వేసినా దిగలేదు. మా మామయ్య బాపట్లలో ఒక ఆస్పత్రిలో కాంపౌండరు. అక్కడికి తీసుకెళ్దామని నాన్న అన్నాడు. నన్ను కూడా వెంటబెట్టుకుని స్టేషనుకి వెళ్ళారు. బాపట్ల వెళ్ళే బండి ఎక్కించగానే తమ్ముడు ఏడుపు మొదలుపెట్టాడు.

"ఇది కాదు నాన్నా, మన బండి అది." రేపల్లె బండి అటు పక్కన ఆగి ఉంది.

"ఇది కూడా అక్కడికే పోద్దిరా" అన్నాడు నాన్న.

నాన్నకి అబద్ధం చెప్పడం చేతకాదు. వాడు నమ్మలేదు. చుండూరు దాటేదాకా ఏడ్చి, అమ్మ ఒళ్ళో నిద్రపోయాడు. బాపట్ల ఆస్పత్రిలో కొన్నాళ్ళున్నాడు. అక్కడే పోయాడు.

నాకు ఏమీ అనిపించలేదు. వచ్చినవాళ్ళంతా నా తల నిమిరి ఏడుస్తుంటే గుమ్మం దగ్గర వాళ్ళ చెప్పులు చూస్తూ కూర్చున్నాను. ఆకలేస్తే అన్నం పెట్టమని అడిగాను. "దీనికి గుండె లేదే" అంది ఎవరో ముసలావిడ. ఉందో లేదో నేను వెతుక్కోలేదు.

అమ్మ మాత్రం మాట్లాడడం మానేసింది. వంట చేసేది, బట్టలు ఉతికేది, నాకు జడ వేసేది. నోరు విప్పేది కాదు. నాన్న బతిమాలి విసిగిపోయాడు. పాస్టరు గారు వచ్చి ప్రార్థన చేసి, "దేవుడి చిత్తం అమ్మా" అన్నారు. అమ్మ ఆయనకి కాఫీ ఇచ్చి లోపలికి వెళ్ళిపోయింది. ఇంక అమ్మ గొంతు ఎప్పటికీ వినబడదేమోనని నాకు భయం వేసింది. అప్పట్లో నాలో మిగిలింది ఆ ఒక్క భయమే. మిగతాదంతా తిమ్మిరెక్కిన కాలులా ఉండేది.

అత్తయ్య రావడం మానలేదు గానీ కథలు మానేసింది. కంఠత వాక్యాలు అప్పజెప్పించుకుని పంపేసేది. ఇవాళ ఎవరిని ఎక్కిస్తారని పిల్లలు అడిగితే, "బండి చెడిపోయిందిరా" అనేది.

ఒక శనివారం సాయంత్రం అత్తయ్య వరండాలో చాట ముందు పెట్టుకుని చిక్కుడుకాయలకి ఈనెలు తీస్తోంది. నేను పక్కనే ఉన్నాను. అమ్మ వచ్చి ఎదురుగా కూర్చుంది. ఆ కథలు అమ్మ ఎన్నడూ వినలేదు. పనిలేనివాళ్ళ కబుర్లని తీసిపారేసేది.

"వదినా" అంది. గొంతు బొంగురుపోయి ఉంది. "వాడికి మాటిచ్చారంటగా. చెప్పండి."

"ఇప్పుడేంటమ్మా చెప్పేది?" అంది అత్తయ్య.

"ఓడ కథే. నేను వింటాను."

అత్తయ్య చేతిలో చిక్కుడుకాయ చాటలో పడేసి, మొదలుపెట్టింది. వాణ్ణి రేపల్లె బండి ఎక్కించింది. మేకపిల్లకి టికెట్టేదని టీసీ దబాయిస్తే, చంటిపిల్లలకి టికెట్టేంటని వాడు ఎదురు దబాయించాడు. వేమూరు దాటింది, భట్టిప్రోలు దాటింది. రేపల్లెలో పెద్దవాళ్ళంతా దిగిపోయారు. ఓడ దగ్గర నోవహు, "అన్నీ జతలుగా వచ్చాయి, దీనికి జత ఏదిరా?" అన్నాడు. "నేనే" అన్నాడు వాడు. అమ్మ పెదవి కొంచెం కదిలింది. వాన పట్టుకుంది. ఓడ తేలింది. వాడు కిటికీలోంచి చెయ్యి బయటపెట్టి తడుపుకుంటూ కూర్చున్నాడు.

వాన వెలిసింది. ఎవరిని పంపినా కథ ఇక్కడికి వచ్చేసరికి తిరుగు బండి ఎక్కించి, తెనాలి తీసుకొచ్చి ఇంటి గుమ్మంలో దించేది అత్తయ్య. ఈసారి నోరు తెరిచి, మళ్ళీ మూసుకుంది. నా వైపు చూసింది.

అమ్మే అడిగింది. "అక్కడ వాడికి జ్వరం ఉందా వదినా?"

"లేదమ్మా. ఒళ్ళు బాగానే ఉంది. ఆడుకుంటున్నాడు."



"అయితే ఉండనియ్యండి. తీసుకురాకండి" అని, చాట తన వైపు లాక్కుని ఈనెలు తీయసాగింది.