నార్మలైజ్ చేసిన నక్షత్రం

నేను లెక్కల లెక్చరర్‌నని ఇంక ఎవరితోనూ అననప్పా! మొన్న బేతంచెర్లలో నా పరువు ఎట్ల పోయిందో చెప్తా, నవ్వొద్దు.

మా అక్క మొగుడిది బండల పాలిష్ యూనిట్. కొత్తగా కంప్యూటర్‌తో కోసే మిషన్ పెట్టినాడు. ఒక పార్టీ వాళ్ళ పూజగదిలో, నల్లబండల నడుమ ఎనిమిది కొనల పసుపురాతి నక్షత్రం కావాలన్నారు. నేలలో దానికి గుంత కూడా కొట్టి పెట్టినారు. మరుసటి రోజే గృహప్రవేశం. ఆ రంగు బండ ఒక్కటే మిగిలింది. యూనిట్లో శానా ఏండ్ల నుంచి రాయి కోస్తాండే మస్తాన్ మామ, "అట్టముక్కతో అచ్చు తీసుకుంటాలే" అన్నాడు.

"ఏ కాలంలో ఉండావు మామా! నేనుండగా అట్టముక్కనా?" అని ల్యాప్‌టాప్ తీసినా.

నక్షత్రానికి పదహారు అంచులు, ఒక్కోటి తొమ్మిది ఇంచులు. ఒక్కో అంచు ఒక వెక్టర్. అంటే, ఎటు పోవాల, ఎంత దూరం పోవాల అని. బ్లేడు తిప్పడానికి దిశ ఒక్కటే చాలు. దానికి నార్మలైజ్ అని ఒక కమాండ్ ఉంటుంది, దిశను అట్లే పెట్టి పొడవును ఒకటి చేస్తాది. కాలేజీలో నేను వాడేదాంట్లో అది కాపీ తీసిస్తాది, అసలుది భద్రం. ఈ మిషన్‌దాంట్లో? అదే పేరు, కానీ అసలుకే ఎసరు! తొమ్మిది ఇంచులన్నీ ఒక్కో ఇంచు అయి కూర్చున్నాయి. ఈ సాఫ్ట్‌వేర్ రాసేవాళ్ళు ఒకరితో ఒకరు మాట్లాడుకోరా? తలుచుకుంటే ఇప్పటికీ ఒళ్ళు మండుతాంది.

పోనీ, స్క్రీన్ మీదన్నా తెలియాల కదా! బొమ్మ ఎంత చిన్నదైనా స్క్రీన్ నిండా చూపించే సెట్టింగంట.

"చూడు బావా, ఎంత ముద్దుగా ఉండాదో!" అన్నా. బావ బటన్ నొక్కినాడు. కాసేపటికే మిషన్ ఆగింది. "అబ్బా, శానా స్పీడే!" అని నేనే మెచ్చుకున్నా.

బండ నట్టనడుమ నుంచి బావ నక్షత్రం బయటికి తీసినాడు. అరచేతిలో పట్టింది.

"ఏమ్మా, దీన్ని పూజగదిలో పెట్టాల్నా, జేబులో పెట్టుకోవాల్నా?"

నడుమ బొక్క పడిన బండలో ఇంక పెద్ద నక్షత్రం యాడొస్తాది? "పార్టీకి మాటిచ్చినా కదమ్మా!" అని బావ తల పట్టుకున్నాడు. నాకు ఏడుపొక్కటే తక్కువ.

మస్తాన్ మామ ముందుకొచ్చినాడు. అట్టముక్క తీసి, గాలిపటం మాదిరి ఒక అచ్చు కోసినాడు. బొక్క చుట్టూ మిగిలిన రాతిలో అట్లాంటివి ఎనిమిది ముక్కలు కోసి, ఒక పక్క కొనలన్నీ నడుమ కలిపి పేర్చినాడు. నక్షత్రం! గుంతలో వెంట్రుక సందు లేకుండా కూర్చుంది.

మరుసటి రోజు ఇంటాయన వంగి చూసి, "కంప్యూటర్ కటింగంటే ఇట్లుండాలప్పా! ప్రోగ్రాం ఎవరిది?" అన్నాడు. బావ నా పక్క చెయ్యి చూపించినాడు. మస్తాన్ మామ మీసాల్లో నవ్వుతాండాడు. సిగ్గుతో నేను నేలచూపులు చూస్తాండా.

నేను చేసిన నక్షత్రమా? యూనిట్లో ఊగుతాండే కంప్యూటర్ టేబుల్ కాలు కింద దోపినాడు మామ. టేబుల్‌ను ఒకసారి ఊపి చూసి, "పాపా, నీ కొలత ఈడ కరెక్ట్‌గా సరిపోయింది" అన్నాడు.