మూడో లెగ్గు

బొట్టు పెట్టి పిలిస్తే కాదనొద్దనే మాట మన పెద్దోళ్లు ఎవరి మేలు కోసం పెట్టిండ్రు? పిలిచేటోళ్ల కోసమా, పోయేటోళ్ల కోసమా? ఎంత ఆలోచించినా ఇప్పటికీ తేలలేదు. కోరుట్ల రత్నమాలకు మాత్రం ఆ సందేహం ఎన్నడూ రాలేదు.

ఆమె సిరిసిల్ల మరమగ్గాల సాంచెల చప్పుడుల పుట్టి, కోరుట్లకు కోడలై వచ్చిన మనిషి. ఇరవై రెండేండ్లు బీడీలు చుట్టింది. తంబాకు దుమ్ము ఛాతీకి పట్టి, నాలుగు మెట్లెక్కితే పిల్లికూతలు వచ్చేవి. గసొంటి దినాలల్ల జగిత్యాల నుంచి జితేందర్ వచ్చిండు. తాగితే బలమొస్తదని పొడి డబ్బాలు అమ్మే కంపెనీ ఆయనది. నీ కింద ముగ్గురిని చేర్పించాలె, వాళ్లు తలా ముగ్గురిని చేర్పించాలె. కింద చేరిన ఒక్కొక్క మనిషిని వాళ్లు ‘లెగ్గు’ అంటరు. ఆర్నెల్లల్ల మూడు లెగ్గులు నిలబెట్టకుంటే ఐడీ బందు.

జితేందర్ చెప్పే పాఠం చిన్నదే. "ఫోన్ల పేరు దొరకాలె, గడపల మనిషి దొరకాలె. ఉత్త ఫోన్‌తోని పోతే బ్లాక్ చేస్తరు. ఉత్త కాళ్లతోని పోతే కుక్కను ఉసిగొల్పుతరు. రెండూ కలుపాలె లీడర్!"

రత్నమాల కలిపింది, జితేందర్‌కే తట్టని తీరుగ. పొద్దుగాల లేస్తే స్టేటస్‌లు చూసేది. ఎవరింట్ల కొత్త ఫ్రిజ్ దిగింది, ఎవరి పెనిమిటి దుబాయ్‌ల ఉన్నడు, ఎవరికి పానం బాగలేదు. కులసంఘం గ్రూపు, బడి తల్లుల గ్రూపు, గల్ఫ్‌ల ఉన్న వాడోళ్ల గ్రూపు, దేన్నీ ఇడిసిపెట్టలేదు. వీడియో పంపేది. నీలం టిక్కు పడిందా, మర్నాడు కుంకుమ భరిణె పట్టుకొని ఆ ఇంటికి. పెండ్లికి పిలిచినట్టే గడపకు కుంకుమ, నొసటికి బొట్టు. "మంగళవారం మా ఇంటికి రావాలె చెల్లే" అంటే, ఎందుకని అడిగే రివాజు లేదు గద. వచ్చినోళ్లను చాప మీద కూసోబెట్టి ఫోన్ల జితేందర్ ఉపన్యాసం పెట్టేది.

ఇద్దరు చేరిండ్రు. మూడో మనిషి చిక్కలేదు. సిరిసిల్లకు తల్లిగారింటికి పోతే సొంత వదినే గడపకు అడ్డంగ నిలబడ్డది. "మాకద్దు తల్లీ నీ బొట్టు. మేకపోతుకు గూడ బొట్టు పెట్టే కోస్తరు." అరుగుల మీది ఆడోళ్లంత పగలబడి నవ్విండ్రు. రత్నమాల గూడ నవ్వింది. బస్సెక్కినంక ఫోన్ తీసి లిస్టుల వదిన పేరు కొట్టేసింది.

శుక్రవారం జితేందర్ ఫోన్ చేసిండు. "ఆదివారం జగిత్యాల ఫంక్షన్ హాల్ల మీటింగు లీడర్. మూడో లెగ్గు తెస్తే స్టేజీ మీద శాలువా. తేకపోతే గా దినమే ఐడీ కట్. మళ్ల బీడీల చాటనే నీకు."

"దొరుకుతలేరు సార్."

"దగ్గరోళ్లున్నరు గదక్కా. వాళ్లను ఏం చేస్తవు, తొక్కు పెట్టుకుంటవా?"

శనివారం పొద్దుగాల గల్ఫ్ గ్రూపుల ఒక మెసేజ్ పడ్డది. పెట్టింది సాయన్న. "మా తమ్ముడు మహేందర్ మొన్న దుబాయ్ క్యాంపుల గుండె ఆగి పోయిండు. శవం వచ్చేదాక మా ఇంట్ల ఆడోళ్లకు ఎవ్వలు చెప్పకుండ్రి. దండం పెడుత."

మహేందర్ పెండ్లాం సంధ్య. సిరిసిల్లల రత్నమాలతోని ఒక్క పలక మీద రాసుకున్న దోస్తు, ఇప్పుడు కోరుట్లల రెండు గల్లీల అవతల ఉంటది. ఇన్ని దినాలు ఆమె పేరు లిస్టుల ఎక్కలేదు. రత్నమాల ఆ మెసేజ్‌ను రెండుసార్లు చదివింది. శవం రేపో ఎల్లుండో వస్తది. వచ్చినంక ఆ నొసటికి బొట్టు పెట్టుడు ఉండదు. ఉన్నది ఇయ్యాల్నే.

సంధ్య వాకిట్ల బియ్యం చెరుగుతున్నది. "రావే రత్నా! ఊరందరికి బొట్టు పెడుతున్నవట, నా నొసలేం పాపం చేసిందే?"

రత్నమాల భరిణె మూత తీసింది. సంధ్య నొసటికి బొట్టు పెట్టింది. పొడి డబ్బాల సంగతి చెప్పింది.

"నువ్వు చెప్తే కాదంటనా? గని ఆయనను అడగాలె. రెండు దినాలాయె, ఫోన్ లేపుతలేడు. డ్యూటీ మారిందని సాయన్న బావ అంటుండు. నా కుడికన్ను ఒక్కతీరుగ అదురుతుందే."

"మహేందర్ బావనా?" అన్నది రత్నమాల. "నిన్న నా వీడియో చూసిండు. మంచిగున్నది, మా సంధ్యను గూడ చేర్పియ్యి అని మెసేజ్ పెట్టిండు."

సంధ్య చాట కింద పెట్టి లేచి నిలబడ్డది. "నిన్ననా? నిన్న పెట్టిండా? దొంగమొకపోడు! పెండ్లాం ఫోన్ లేపడు గని మరదలికి మెసేజీలు పెడుతడా!" కొంగు నోటికి అడ్డం పెట్టుకొని నవ్వింది. నవ్వుతుంటే కండ్లల్ల నీళ్లు తిరిగినయి. "ఏదీ, చూపియ్యే."

"ఫోన్ నిండితే అన్నీ తుడిచేసిన."

"పోనీ తీయ్. బతికుండి నా పానం తీస్తడు." తన ఫోన్‌కు వచ్చిన ఓటీపీ ఆరంకెలు బడిపిల్ల ఎక్కం చెప్పినట్టు చదివింది. రత్నమాల కొట్టింది. తెర మీద స్వాగతమని రంగుపూలు రాలినయి. మూడో లెగ్గు నిలబడ్డది.

"కూసో, చాయ పెడుత."

"అద్దు."

"అల్లం ఏస్తనే, గుటికెడు తాగు."

"అద్దన్న గదనే."

చావు మైల ఉన్న ఇంట్ల మంచినీళ్లు గూడ ముట్టరు. ఆ నియమం తను తప్పలేదని రత్నమాలకు లోపల కొంచెం నిమ్మలమైంది. ఇంటికి పోంగనే తలస్నానం చెయ్యాలనుకున్నది. లేచి చెప్పులేసుకున్నది.

ఎవరింట్లకెళ్లి లేచినా "పోయొస్త" అని లేస్తం. చావు జరిగిన ఇంట్లకెళ్లి మాత్రం చెప్పకుండ పోతం, గా గడపకు మళ్ల గసొంటి పనికి రావొద్దని. చచ్చినోనితోని మెసేజ్ పెట్టించిన నోటికి ఆ ఒక్క మాట రాలేదు.

"ఏమే, పోయొస్త అనవా?" సంధ్య ఇంకా నవ్వుతనే ఉన్నది.

రత్నమాల గేటు తీసింది.

"చాయ తాగకపోతివి..." నవ్వు సగంల తెగింది. "చెప్పి పోవే రత్నా. ఒక్కపాలి పోయొస్త అనవే."

రత్నమాల తిరిగి చూడలేదు. వెనుక సంధ్య అడుగుడు అరుపైంది. గల్లీ మూలకు ఆటో వస్తే చెయ్యెత్తి ఆపి, ఎక్కి కూసున్నది.